ఫైబర్ మోడెమ్‌లో సీరియల్ పోర్టును అమర్చుకోవడం ఎలా: ఒక గుంటూరు కోల్డ్ స్టోరేజీ ఉదాహరణతో

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో గదుల ఉష్ణోగ్రతను చూసుకునే కంట్రోలర్లు, కరెంటు వాడకాన్ని లెక్కించే మీటర్లు చాలావరకు ఆర్‌ఎస్-485 తీగ (బిట్లను ఒకదాని వెనుక ఒకటి పంపే సీరియల్ తీగ) మీద మోడ్‌బస్ (ప్రశ్న అడిగితే జవాబు ఇచ్చే) పద్ధతిలో సమాచారాన్ని అందిస్తాయి. ఆ తీగను మోటారు కేబుళ్లు పోయే ట్రేలోనే వేసి ఆఫీసు గది దాకా లాక్కొస్తే కంప్రెసర్ స్టార్టయిన ప్రతిసారీ అంకెలు తప్పుతాయి, వేసవి చివర ఉరుములతో వానలు పడే రోజుల్లో ఏకంగా పోర్టులే కాలిపోతాయి. అందువల్ల యంత్రాల గదికీ ఆఫీసుకూ మధ్య ఫైబర్ వేసి, రెండు కొసల్లో చెరొక సీరియల్ ఫైబర్ మోడెమ్‌ను, అంటే తీగ మీది సంకేతాన్ని వెలుతురుగా, వెలుతురును మళ్లీ సంకేతంగా మార్చే పెట్టెను పెట్టడం మేలు. ఆ మోడెమ్‌లలో సీరియల్ వైపు అమరికను ఏ వరుసలో చేసుకోవాలో, ప్రతి దశలోనూ ఏది కొలిచి చూసుకోవాలో ఇక్కడ చెబుతాను. "ఫైబర్ పనిచేయడం లేదు" అని నన్ను పిలిచిన చోట్ల ఫైబర్ నిజంగా చెడిపోయిన సందర్భాలు తక్కువ. తప్పు దాదాపు ఎప్పుడూ రాగి తీగల వైపే దొరికింది. అందుకే ఫైబర్ గురించి తక్కువగా, రాగి గురించి ఎక్కువగా రాస్తున్నాను.

దూరాల సంగతి ముందుగా ఒక్క మాటలో చెప్పుకుందాం. ఆర్‌ఎస్-485 తీగకు సాధారణంగా చెప్పే గరిష్ఠ దూరం 1200 మీటర్లు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1223 మీటర్లు కనుక, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆర్‌ఎస్-485 తీగ కాగితం లెక్కలో కూడా అందదు. కంప్యూటరు సీరియల్ పోర్టు వాడే ఆర్‌ఎస్-232 తీగకు వాడుకలో ఉన్న పరిమితి 15 మీటర్లే కాబట్టి బ్యారేజీ మీద రెండో గేటు దాటకముందే దాని పని అయిపోతుంది. ఫైబర్‌కు ఇవి లెక్కలోకి వచ్చే దూరాలే కావు.

మన ఉదాహరణలో యంత్రాల గది ప్యానెల్‌లో ఆరు ఉష్ణోగ్రత కంట్రోలర్లు, ఒక కరెంటు మీటరు రెండు తీగల ఆర్‌ఎస్-485 మీద, 9600 వేగంతో (సెకనుకు 9600 బిట్లు) ఉన్నాయనుకోండి. 600 మీటర్ల అవతల ఆఫీసు కంప్యూటరుకు ఆర్‌ఎస్-232 పోర్టు ఉంది. రెండు కొసలకూ ఒకే రకమైన సీరియల్ పోర్టు ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు. ఇలాంటి మోడెమ్‌లు చాలావాటిలో ఆర్‌ఎస్-232, 422, 485 మూడూ ఉంటాయి. ఒక కొసను 232కు, మరో కొసను 485కు పెట్టుకోవచ్చు.

సరైన మోడెమ్ జతను ఎంచుకోవడం

దుకాణంలో ఊరికే "ఫైబర్ మోడెమ్" అని అడిగితే ఇంటి ఇంటర్నెట్ పెట్టెను చేతిలో పెడతారు. దానికి సీరియల్ పోర్టు ఉండదు. "సీరియల్ టు ఫైబర్ కన్వర్టర్" అని అడగండి. జతలో రెండూ సింగిల్ మోడ్ (వెలుతురు ఒకే దారిన పోయే సన్నని పోగు రకం) కావాలి, లేదా రెండూ మల్టీ మోడ్ (పలు దారుల్లో పోయే రకం) కావాలి. ఒకే ఫైబర్ పోగు మీద రెండు వైపులా నడిచే రకం తీసుకుంటే, ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద అందుకునేది, రెండోది దానికి సరిగ్గా తిరగేసినది కావాలి. రెండూ ఒకే రకం కొంటే ఎంతసేపు కూర్చున్నా లింకు దీపం వెలగదు.

పనిచేసే ఉష్ణోగ్రత పరిధిని కూడా చూసుకోండి. మామూలు రకాలకు 60 డిగ్రీల దాకా, పారిశ్రామిక రకాలకు 75 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఎండ పడే గోడకు బిగించిన రేకు పెట్టె లోపలి వేడి బయటి గాలి కంటే చాలా ఎక్కువ ఉంటుంది కాబట్టి, పెట్టెను నీడలో పెట్టండి లేదా పారిశ్రామిక రకమే కొనండి. కోల్డ్ స్టోరేజీకి ప్రత్యేకమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. అమోనియా రాగినీ ఇత్తడినీ తినేస్తుంది. అక్కడి గొట్టాలను ఇనుముతో వేయడానికి కారణం అదే. కనుక మోడెమ్‌ను కంప్రెసర్ల పక్కన కాకుండా, విడిగా ఉన్న ప్యానెల్ గదిలో, రబ్బరు అంచు ఉన్న పెట్టెలో పెట్టండి.

ఫైబర్ వైపు పని

ఒక మోడెమ్ పంపే రంధ్రం నుంచి వచ్చిన పోగు అవతలి మోడెమ్ అందుకునే రంధ్రంలోకి వెళ్లాలి. రెండు పోగుల రకంలో ఈ మార్పిడి ఒక్కసారే జరగాలి. లింకు దీపం రాకపోతే ఒక కొసలో మాత్రమే రెండు పోగులనూ అటుదిటు మార్చి చూడండి. కొసలను తుడవకుండా పెట్టవద్దు. మిర్చి టిక్కీలు దించే చోట గాలిలో ఉండే ధూళి మన ముక్కునే కాదు, కనెక్టరు ముఖాన్నీ వదలదు. మూతలను చివరి నిమిషం దాకా తీయకండి. పోగు లోపలికి కన్ను పెట్టి చూడటం ప్రమాదకరం. 1310 నానోమీటర్ల వెలుతురు కంటికీ కనిపించదు, ఫోన్ కెమెరాకూ కనిపించదు.

వెలుతురు సరిపోతుందో లేదో లెక్క కట్టడం కష్టం కాదు. మోడెమ్ మైనస్ 5 డీబీఎం (వెలుతురు బలానికి కొలమానం) పంపుతుందని, మైనస్ 25 డీబీఎం దాకా అందుకోగలదని దాని పత్రంలో ఉంటే దారిలో 20 డీబీ నష్టం దాకా భరించే వీలు మీకు ఉన్నట్టు. సింగిల్ మోడ్‌లో కిలోమీటరుకు 0.4 చొప్పున 600 మీటర్లకు 0.24, రెండు కనెక్టర్లకు అరచొప్పున 1, నాలుగు అతుకులకు 0.1 చొప్పున 0.4 వేసుకుంటే మొత్తం నష్టం 1.64 డీబీ మాత్రమే. వెలుతురు మీటరులో మైనస్ 7 దగ్గర రావలసినది మైనస్ 20 చూపిస్తే దీపం వెలుగుతున్నా సరే, ఎక్కడో తప్పు ఉంది. మన ప్రాంతంలో అతుకులు వేసేవారు ఎక్కువగా ఇంటి ఇంటర్నెట్ పని చేసేవారు కావడంతో, సంచిలో ఉన్న పచ్చరంగు కనెక్టరు పిగ్‌టెయిల్‌నే (ఒక కొసకు కనెక్టరు ఉన్న పోగు ముక్క) అతికేస్తారు. పచ్చ కనెక్టరు ముఖం ఏటవాలుగా, నీలం కనెక్టరు ముఖం దాదాపు నేరుగా ఉంటాయి. సీరియల్ మోడెమ్‌లు సాధారణంగా నీలం రకాన్నే ఆశిస్తాయి. రెండింటినీ కలిపితే నష్టం విపరీతంగా పెరగడమే కాక ముఖాలు గీసుకుపోతాయి.

డిప్ స్విచ్‌లు

సీరియల్ రకం, సగం డూప్లెక్సా (వంతులవారీగా మాట్లాడటమా) పూర్తి డూప్లెక్సా (ఒకేసారి రెండు వైపులా మాట్లాడటమా) అన్నది, టర్మినేషన్, బయస్ (ఈ రెండూ ఏమిటో కింద చెబుతాను), వేగం — ఇవన్నీ చిన్న డిప్ స్విచ్‌ల మీద ఉంటాయి. వీటిని కరెంటు తీసేసి మార్చండి. చాలా మోడెమ్‌లు స్విచ్‌లను కరెంటు వచ్చిన క్షణంలో మాత్రమే చదువుకుంటాయి కాబట్టి, నడుస్తుండగా మార్చి ఫలితం లేదని విసుక్కోవడంలో అర్థం లేదు. పాయింట్ టు పాయింటా (రెండు మోడెమ్‌ల మధ్యేనా), రింగా (వలయంగా చాలా మోడెమ్‌లా) అని అడిగే స్విచ్ ఉంటే రెండు కొసల్లోనూ పాయింట్ టు పాయింట్ పెట్టండి. 232 నుంచి 485కు మారినప్పుడు స్క్రూ టెర్మినళ్ల అర్థం కూడా మారుతుంది. 232లో పంపే తీగగా ఉన్నది 485లో ప్లస్ కావచ్చు, మైనస్ కావచ్చు; మోడెమ్ పెట్టె మీద ముద్రించిన పట్టికను చదవకుండా తీగ బిగించకండి.

ఆఫీసు కొస: ఆర్‌ఎస్-232

కంప్యూటరు తొమ్మిది పిన్నుల పోర్టులో 2 అందుకునేది, 3 పంపేది, 5 గ్రౌండు. మోడెమ్ వైపు ఇవి ఎలా ఉన్నాయో లేబుల్ చూసి నమ్మడం కంటే మల్టీమీటరుతో చూసుకోవడం మంచిది. ఆర్‌ఎస్-232లో ఏమీ పంపని సమయంలో పంపే పిన్ను మైనస్ వోల్టేజీలో, సాధారణంగా మైనస్ 5 నుంచి మైనస్ 12 వోల్టుల మధ్య ఉంటుంది. అందుకునే పిన్ను సున్నా దగ్గర ఉంటుంది. కాబట్టి కేబుల్ పెట్టకముందు గ్రౌండుకూ ఒక్కో పిన్నుకూ మధ్య కొలిచి, రెండు పరికరాల్లోనూ మైనస్ చూపే పిన్నును గుర్తు పెట్టుకోండి. ఒకదాని మైనస్ పిన్ను రెండోదాని సున్నా పిన్నుకు వెళ్లాలి. ఈ ఒక్క కొలత నేరు కేబులా, (2, 3 పిన్నులను తారుమారు చేసే) క్రాస్ కేబులా అన్న వాదనను అక్కడితో ముగిస్తుంది.

చాలా ఫైబర్ మోడెమ్‌లు 232లో పంపేది, అందుకునేది, గ్రౌండు అనే మూడింటినే అవతలికి చేరుస్తాయి. పంపవచ్చా, పంపు అని సైగ చేసుకునే ఆర్‌టీఎస్, సీటీఎస్ వంటి హ్యాండ్‌షేక్ తీగలను మోయవు. అందువల్ల కంప్యూటరు ప్రోగ్రాములో ఆ తీగలతో నడిచే హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్‌ను ఆపేయాలి. ఆపడానికి వీలులేని పాత ప్రోగ్రాము అయితే కంప్యూటరు వైపు కనెక్టరులోనే 7, 8 పిన్నులను ఒకదానికొకటి, 1, 4, 6 పిన్నులను ఒకదానికొకటి కలిపి దానిని సంతృప్తిపరచవచ్చు.

యంత్రాల గదిని ముట్టుకోకముందు లూప్ పరీక్ష

ఇక్కడ ఆగి ఒక పరీక్ష చేయండి. అవతలి మోడెమ్‌ను తాత్కాలికంగా 232లో పెట్టి, దాని పంపే, అందుకునే టెర్మినళ్లను చిన్న తీగ ముక్కతో కలపండి. ఆఫీసు కంప్యూటరులో టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి, 9600 వేగం, ఫ్లో కంట్రోల్ లేకుండా, లోకల్ ఎకో (కొట్టిన అక్షరాన్ని ప్రోగ్రామే తెర మీద చూపించడం) ఆపి అక్షరాలు కొట్టండి. కొట్టినవి తిరిగి వస్తే కంప్యూటరు పోర్టు, కేబుల్, రెండు మోడెమ్‌లు, రెండు ఫైబర్ పోగులు అన్నీ బాగున్నట్టే. అంతటితో సరిపెట్టుకోకుండా తీగ ముక్కను తీయించి మళ్లీ కొట్టండి. అప్పుడు కూడా అక్షరాలు వస్తుంటే అవి ఫైబర్ దాటి వచ్చినవి కావు, మీ ప్రోగ్రాము తనకు తానే చూపిస్తున్నవి. రెండు తీగల 485లో పంపేదీ అందుకునేదీ ఒకే జత కనుక ఈ పరీక్ష అక్కడ కుదరదు. అందుకే ముందే చేయమంటున్నాను. ఈ పరీక్ష నెగ్గిన తరువాత ఏ తప్పు కనిపించినా ఫైబర్ జోలికి వెళ్లనవసరం లేదు.

యంత్రాల గది కొస: ఆర్‌ఎస్-485

అవతలి మోడెమ్ కరెంటు తీసి, రెండు తీగల 485కు, అంటే సగం డూప్లెక్స్‌కు మార్చండి. ఇక్కడ అందరూ మరిచిపోయే విషయం ఒకటి ఉంది. మధ్యలో ఫైబర్ వచ్చిందంటే 485 తీగ అక్కడితో తెగినట్టే. ప్యానెల్ గదిలో ఉన్న తీగ ఇప్పుడు తనకు తానుగా ఒక పూర్తి లైను. దాని టర్మినేషన్, దాని బయస్, దాని గ్రౌండు అక్కడే ఏర్పాటు కావాలి. ఆఫీసులో ఏమి ఉన్నా దీనికి అక్కరకు రాదు.

తీగలను ఒక పరికరం నుంచి మరొకదానికి గొలుసుగా తీసుకువెళ్లండి. మన ఎలక్ట్రీషియన్లకు జంక్షన్ బాక్సులో అన్నింటినీ ఒకచోట ముడి వేయడం అలవాటు. లైట్లకు అది బాగానే ఉంటుంది, 485కు మాత్రం పనికిరాదు. ప్లస్, మైనస్ గుర్తులనే నమ్మండి, ఏ, బీ అక్షరాలను నమ్మకండి. ప్రమాణంలో ఏ అంటే మైనస్ కాగా, చాలామంది తయారీదారులు ప్లస్‌కు ఏ అని వేస్తారు. తిరగేసి బిగిస్తే ఏదీ కాలదు, సమాచారం మాత్రం రాదు. మెలితిప్పిన జతతో పాటు మూడో తీగగా గ్రౌండును కూడా తీసుకువెళ్లండి. రెండు వైపుల గ్రౌండుల మధ్య తేడాతో కలిపి తీగల మీద వచ్చే వోల్టేజీని 485 పోర్టు మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల దాకానే ఓర్చుకుంటుంది. పెద్ద మోటార్లు ఉన్న చోట ఆ హద్దు దాటడం వింత కాదు.

టర్మినేషన్ అంటే లైను రెండు చివర్లలో ఒక్కొక్కటిగా పెట్టే 120 ఓముల నిరోధకం. అన్నింటికీ కరెంటు తీసి, ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య ఓముల్లో కొలిస్తే ఎన్ని నిరోధకాలు పడ్డాయో తెలిసిపోతుంది. సుమారు 120 వస్తే ఒకటి, 60 వస్తే రెండు, 40 వస్తే మూడు. ఒక చోట నేను సాయంత్రం దాకా వెలుతురు మీటరు పట్టుకుని ఫైబర్ వెంట తిరిగాను. తీరా ప్యానెల్‌లో కొలిస్తే 40 ఓములు వచ్చింది. రెండు చివరి కంట్రోలర్లలో ఉన్నవి చాలక, మధ్యలో ఉన్న కరెంటు మీటరులో కూడా ఎవరో టర్మినేషన్ స్విచ్ వేసి పెట్టారు. ఆ రోజు నుంచి ఓముల కొలత లేకుండా పని మొదలుపెట్టడం మానేశాను. ఇక, తీగ ఒకే ప్యానెల్‌లో నాలుగైదు మీటర్లకు మించకుండా, వేగం 9600 మాత్రమే ఉంటే టర్మినేషన్ అసలు లేకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. పెద్ద లైన్లకు మాత్రమే దాన్ని వేయండి.

టర్మినేషన్ వేసిన ప్రతిచోటా బయస్, అంటే ఖాళీ లైనును ఒక స్థిరమైన వోల్టేజీ దగ్గర ఉంచే నిరోధకాల సంగతి చూడక తప్పదు. ఎవరూ మాట్లాడని సమయంలో ప్లస్, మైనస్‌ల మధ్య కనీసం 200 మిల్లీవోల్టులు ఉంటేనే లైను ఖాళీగా ఉందని మోడెమ్ నిశ్చయంగా గ్రహిస్తుంది. అంతకు తగ్గితే అది లేని సమాచారాన్ని ఉన్నట్టు ఊహించుకుని ఫైబర్ మీదికి తోయవచ్చు. ప్లస్‌ను 5 వోల్టులకూ, మైనస్‌ను గ్రౌండుకూ ఒక్కో కిలో ఓముతో కలిపి బయస్ పెట్టి, మధ్యలో రెండు టర్మినేషన్లు, అంటే 60 ఓములు ఉంటే వచ్చేది 146 మిల్లీవోల్టులే. అదే ఒక్క టర్మినేషన్ ఉంచితే 283 వస్తుంది. రెండూ తప్పనిసరి అయితే బయస్ నిరోధకాలను 560 ఓములకు తగ్గించండి, 254 దాకా వస్తుంది. మోడెమ్‌లోనే ఒక కిలో ఓము బయస్ స్విచ్ ఉంటే దాన్ని ఒక్కచోటే వేయండి. ప్రతి పరికరంలోనూ వేస్తే పంపేవాటి మీద భారం పెరుగుతుంది. కరెంటు ఇచ్చి, కంప్యూటరులో ప్రోగ్రామును ఆపి, డీసీ వోల్టుల్లో కొలిచి ఈ అంకెను రాసిపెట్టుకోండి.

దిశ మార్పు, వేగం స్విచ్

రెండు తీగల మీద అడిగేదీ చెప్పేదీ ఒకేసారి మాట్లాడలేవు. ఫైబర్ నుంచి ప్రశ్న రాగానే మోడెమ్ తనంతట తానే లైనును పట్టుకుని, ప్రశ్న అయిపోగానే వదిలేయాలి. ఎంతసేపటికి వదలాలో కొన్ని మోడెమ్‌లు వేగం స్విచ్‌ను చూసి నిర్ణయించుకుంటాయి. 232లో వేగం ఎంతైనా పట్టించుకోని మోడెమ్ 485లో ఆ స్విచ్ సరిగా లేకపోతే మొరాయించేది అందుకే. 9600 వేగంలో పది బిట్ల అక్షరానికి 1.04 మిల్లీసెకన్లు పడుతుంది. 1200 వేగంలో 8.3 పడుతుంది. స్విచ్ పొరపాటున 1200 మీద ఉంటే, కంట్రోలరు 4 మిల్లీసెకన్లకే జవాబు మొదలుపెట్టినా మోడెమ్ ఇంకా లైను వదలదు. జవాబు మొదటి అక్షరాలు తెగిపోయి, కంప్యూటరులో సీఆర్‌సీ (సమాచారం చెడకుండా వచ్చిందా అని చూసే అంకె) తప్పు అని వస్తుంది. స్విచ్ అసలు వేగం కంటే ఎక్కువ మీద ఉంటే, అక్షరం మధ్యలోనే లైను వదిలేసి ప్రశ్ననే పాడుచేస్తుంది. పరికరంలో జవాబు ఆలస్యం అనే సెట్టింగు ఉంటే దాన్ని 10 మిల్లీసెకన్లకు పెంచడం మంచి ఉపాయం.

ఫైబర్ దూరం వల్ల ఆలస్యం అవుతుందేమోనని కంగారు పడకండి. కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు మాత్రమే పడుతుంది. 9600లో ఒక్క బిట్ కాలమే 104 మైక్రోసెకన్లు.

పరికరాలను కలిపి చూడటం

అన్ని కంట్రోలర్లనూ ఒకేసారి కలపవద్దు. మీటరు ఒక్కదాన్ని కలిపి, దాని చిరునామా, వేగం, పారిటీలను (తప్పు పట్టేందుకు ప్రతి అక్షరానికీ చేర్చే బిట్ రకం) దాని తెర మీదే చదివి, కంప్యూటరులో అవే పెట్టండి. మోడ్‌బస్ ప్రమాణం ఈవెన్ పారిటీని మొదటి ఎంపికగా చెబుతుంది, కానీ బజారులో దొరికే మీటర్లు చాలావరకు పారిటీ లేకుండానే వస్తాయి. ఒకటి పలికాక రెండోది, తరువాత మూడోది కలపండి. రెండింటికి ఒకే చిరునామా ఉంటే ఏది కలిపినప్పుడు చెడిందో వెంటనే తెలుస్తుంది.

పలకకపోతే దీపాలను చూడండి. ప్రశ్న ఆఫీసు మోడెమ్‌లోకి వెళ్లినట్టు దీపం మెరుస్తూ, జవాబు దీపం అసలు మెరవకపోతే, ప్లస్ మైనస్ తిరగబడి ఉండవచ్చు, లేదా చిరునామా, పారిటీల్లో ఒకటి తప్పు. జవాబు దీపం ఆరకుండా అదేపనిగా వెలుగుతుంటే బయస్ చాలలేదు, లేదా బయస్ ఉన్న లైనులో తీగలు తిరగబడ్డాయి. రాత్రిపూట బాగుండి, కంప్రెసర్లు నడిచినప్పుడు మాత్రమే తప్పులు వస్తే ప్యానెల్ లోపల 485 తీగ వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) తీగలకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. మిగిలిన 600 మీటర్లు ఫైబరే కాబట్టి దోషం ఆ రెండు మూడు మీటర్లలోనే ఉంటుంది.

మీ పోర్టు ఆర్‌ఎస్-232 కాక వీ.35 వంటి సింక్రనస్ రకం (బిట్లతో పాటు క్లాక్, అంటే వాటి లయను చెప్పే సంకేతం కూడా ఉండేది) అయితే పైవాటికి తోడు క్లాక్ అమరిక ఉంటుంది. మొత్తం దారిలో క్లాక్ ఇచ్చేది ఒక్కటే ఉండాలి; ఒక మోడెమ్‌ను ఇంటర్నల్ (సొంత క్లాక్) మీద పెట్టి, రెండోదాన్ని ఫైబర్ నుంచి వచ్చే క్లాక్‌ను అనుసరించేలా పెట్టండి. రెండూ ఇంటర్నల్ మీద ఉంటే లింకు బాగున్నట్టే కనిపిస్తూ, మధ్యమధ్యలో తప్పులు వస్తూనే ఉంటాయి.

పిడుగుల నుంచి రక్షణ కోసమే ఫైబర్ వేసినవారు కేబుల్ కవచాన్ని మరిచిపోతారు. ఇనుప కవచం ఉన్న ఫైబర్ కేబుల్ పిడుగు దెబ్బను రాగిలాగే లోపలికి మోస్తుంది. కవచాన్ని భవనంలోకి వచ్చే చోటనే ఎర్తింగుకు కలిపి, అక్కడి నుంచి మోడెమ్ దాకా కవచం ఒలిచిన పోగులనే తీసుకువెళ్లండి. కొత్తగా కొంటుంటే లోహం లేని కేబులే అడగండి. మోడెమ్‌కు ప్యానెల్ బయటి నుంచి వచ్చే రాగి దారి 24 వోల్టుల సరఫరా ఒక్కటే కనుక సర్జ్ ప్రొటెక్టరు దానికే పెట్టాలి.

అంతా పలికిన తరువాత రెండు మోడెమ్‌ల డిప్ స్విచ్‌లను ఫోటో తీసి, ఒక కాగితం మీద స్విచ్‌ల స్థానాలు, ఓముల కొలత, ఖాళీ లైను వోల్టేజీ, రెండు వైపులా అందిన వెలుతురు డీబీఎంలలో రాసి, తేదీ వేసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. మిర్చి సీజన్‌లో గదులన్నీ నిండి ఉన్నప్పుడు రాత్రి రెండింటికి రీడింగులు ఆగిపోతే, వచ్చిన మనిషి ముందుగా ఆ నాలుగు అంకెలను మళ్లీ కొలిచి, ఏది మారిందో చూసి, ఆ వైపుకే వెళ్లగలడు.